రాజోలు ట్రావెల్స్ షాపు: టికెట్ అమ్మనన్నందుకు నాలుగు స్టార్లు

ముందే చెప్తున్నా, ఇది పెద్ద రివ్యూ. ఓపిక లేనివాళ్లు నేరుగా కిందకి వెళ్లి ఛార్జీల సంగతి చదువుకుని వచ్చేయండి.

షాపు రాజోలు మెయిన్ రోడ్డు మీదే, మేడ మీద గది. మెట్లు ఇరుకు, పక్కన పట్టుకోవడానికి రెయిలింగ్ కూడా సరిగా లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద నుంచి ఫోన్ చేస్తే కౌంటర్లో కూర్చునే అమ్మాయి తనే దిగొచ్చి కాగితాలు తీసుకెళ్తుంది. బోర్డు మీద విమానం బొమ్మ, దాని కింద గల్ఫ్ టికెట్లు, పాస్‌పోర్ట్, పాన్ కార్డు, కరెంటు బిల్లు అన్నీ రాసుంటాయి. ఇలాంటి షాపులు కోనసీమలో ఏ సెంటర్లో చూసినా ఉంటాయి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వైపు వెళ్తే ఇంకా ఎక్కువ. మనవైపు ఏ వీధిలో చూసినా కువైట్‌లోనో మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఒకరుంటారు కాబట్టి వాటికి గిరాకీ ఎప్పుడూ తగ్గదు. కాబట్టి టికెట్ తీసిపెట్టడం పెద్ద గొప్పేం కాదు, ఎవరైనా తీస్తారు, ఇప్పుడైతే ఫోన్లో మనమే తీసుకుంటున్నాం.

నేను రాస్తున్నది 2020 నుంచి 2022 దాకా కరోనా రూల్స్ వారానికో రకంగా మారుతున్నప్పుడు వీళ్లు ఎలా పనిచేశారన్నది. ఆ టైములో మా ఇంట్లో వాళ్లని ముగ్గురిని మూడు దేశాలకి పంపడానికి ఈ షాపు చుట్టూ తిరిగాం. మాకు వీళ్ల వల్ల జరిగిన పెద్ద మేలు ఏమిటంటే, అడిగిన రోజున టికెట్ ఇవ్వకపోవడం.

మొదట బావ సంగతి. మా అక్క భర్త కువైట్‌లో ఏసీ మెకానిక్, కంపెనీ వీసా. 2020 ఫిబ్రవరిలో సెలవు మీద వచ్చాడు, ఏప్రిల్‌లో తిరిగి వెళ్లాలి. మార్చి 13కి కువైట్ విమానాలు ఆపేసింది, అదే నెలలో మనవాళ్లూ అంతర్జాతీయ విమానాలు ఆపేశారు, ఇంకేముంది, ఇంట్లోనే. ఆ ఆగస్టులో కువైట్ ఎయిర్‌పోర్ట్ తెరిచింది కానీ ముప్పైకి పైగా దేశాల వాళ్లు నేరుగా రాకూడదని జాబితా పెట్టింది, అందులో మనం ఉన్నాం. అయితే ఒక సందు ఉంది: ఆ జాబితాలో లేని దేశంలో 14 రోజులు ఉండి, పీసీఆర్ నెగెటివ్ చూపిస్తే రానిస్తారు. అంటే దుబాయ్. విజిట్ వీసా, 14 రోజులకి రూము, తిండి, టెస్టు, అక్కడినుంచి కువైట్ టికెట్, అన్నీ కలిపి ప్యాకేజీ అని ఊరూరా ఏజెంట్లు అమ్మడం మొదలుపెట్టారు. అప్పు చేసి వెళ్లినవాళ్లు చాలామంది. వెళ్లి సుబ్బరంగా ఉద్యోగంలో చేరినవాళ్లూ ఉన్నారు, అది కూడా చెప్పాలి.

2021 జనవరిలో బావ, నేను ఈ షాపుకి వెళ్లాం, ప్యాకేజీ కావాలని. ఓనరు గారు అడిగిన మొదటి మాట, "మీది 18 నంబరా, 20 నంబరా అండి?" అని. కువైట్ వెళ్లినవాళ్లకి తెలుస్తుంది, 18 అంటే కంపెనీ వీసా, 20 అంటే ఇంటిపని వీసా. అంతకుముందు మేం అడిగిన ఏజెంట్లు ఎవరూ ఈ మాట అడగలేదు, పాస్‌పోర్ట్ ఉందా, డబ్బులు ఎప్పుడు కడతారు, ఇంతే. 20 నంబరు వాళ్లకైతే అప్పటికే కువైట్ ప్రభుత్వం బెల్‌సలామా అని వేరే ఏర్పాటు పెట్టింది. అందులో యజమాని అక్కడినుంచి రిజిస్టర్ చేస్తాడు, క్వారంటైన్ ఖర్చు కూడా యజమానే కట్టుకోవాలి. అలాంటప్పుడు ఇక్కడ మన ఆడవాళ్లు మెడలో గొలుసు తాకట్టు పెట్టి దుబాయ్ ప్యాకేజీ కొనడమేమిటి? మేం కూర్చున్నప్పుడే మలికిపురం నుంచి వచ్చిన ఒకావిడకి ఈ సంగతి చెప్పి, "ముందు మీ మేడమ్‌కి ఫోన్ చేసి ఇది అడగండమ్మా, ఆవిడ కాదంటే అప్పుడు రండి" అని పంపేశారు. ఆవిడ దగ్గర పైసా తీసుకోలేదు.

బావది 18. "మరి మాకు ఇవ్వడానికేమండి?" అంటే ఆయన గోడమీద బోర్డు చూపించారు. ఈ బోర్డు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా నాలుగు స్టార్లలో రెండు దానికే. మామూలు తెల్లబోర్డు. దేశం పేరు, రూలు, అది ఎప్పటినుంచి, ఎక్కే టైముకా దిగే టైముకా, చివరిగా మేం ఎప్పుడు చూశాం, ఇలా గీతలు గీసి ఉంటుంది. ఆ చివరి గడిలో తేదీతోపాటు గంట కూడా రాస్తారు. పొద్దున షాపు తీయగానే ఆ అమ్మాయి ఎంబసీల పేజీలు, ఎయిర్‌లైన్స్ పేజీలు ఒక్కొక్కటీ తెరిచి చూసి, రూలు మారకపోయినా సరే, ఆ గడి మాత్రం తుడిచి కొత్త టైము వేసేది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో చెప్పి, ఎన్ని గంటలకి కొలిచారో చెప్పకపోతే లంకల్లో ఉన్నవాళ్లకి అది ఎందుకు పనికొస్తుంది? ఇదీ అంతే. ఆ రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫోటోల్లో ఏ ఒక్కదానిమీదా తేదీ ఉండేది కాదు. ఆగస్టులో వచ్చిన సర్క్యులర్ డిసెంబర్లో కూడా "తాజా వార్త" అని వచ్చేది.

ఆ బోర్డు మీద కువైట్ వరుసలో డిసెంబర్ 21న మూశారు, జనవరి మొదట్లో తెరిచారు అని ఉంది. కొత్త రకం వైరస్ వచ్చిందని పది పదిహేను రోజులు అన్నీ ఆపేశారు కదా, అది. దాన్ని చూపించి ఆయన అన్నది నాకు ఇప్పటికీ గుర్తే: "ఇవాళ చెప్పి ఎల్లుండి మూసేసేవాళ్ల దగ్గర 14 రోజుల లెక్క ఎలా వేస్తామండి? మీరు దుబాయ్‌లో తొమ్మిదో రోజున ఉండగా మూస్తే మీ పరిస్థితేంటి? అటు పోలేరు, ఇటు వస్తే డబ్బు పోయినట్టే. నేను ప్యాకేజీ తీయను, కావాలంటే వేరేచోట తీసుకోండి."

బావకి కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, అప్పటికి ఏడాదిగా జీతం లేదు, అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్, కంపెనీ వాళ్లు ఆన్‌లైన్‌లో రెన్యూ చేస్తూ వస్తున్నారు కాబట్టి బతికి ఉంది, వాళ్లకి విసుగొస్తే అదీ పోతుంది. బయటికొచ్చి, "బేరం వద్దనుకునే వాడికి షాపెందుకు" అన్నాడు. పక్క ఊళ్లో ఇంకో ఏజెంట్ దగ్గరికి వెళ్దామని కూడా అనుకున్నాం, డబ్బు సర్దుబాటు కాక ఆగాం.

ఫిబ్రవరి 7 నుంచి కువైట్ పౌరులు కానివాళ్లకి ప్రవేశం లేదన్నారు. ముందు రెండు వారాలన్నారు, తర్వాత పొడిగిస్తూ పోయారు. అదే వారంలో సౌదీ కూడా ఇండియా, ఎమిరేట్స్‌తో కలిపి ఇరవై దేశాలకి తలుపులు మూసింది. దుబాయ్ గదుల్లో 14 రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు. చివరికి అక్కడి మన ఎంబసీయే, కువైట్, సౌదీ వెళ్లాలని వచ్చి ఆగిపోయినవాళ్లు ఇంటికి వెళ్లిపోండి అని చెప్పాల్సి వచ్చింది. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా అలా తిరిగొచ్చారు, అప్పుతో.

ఆయన జోస్యం చెప్పారని నేను అనను. ఫిబ్రవరి 7 సంగతి ఆయనకీ తెలీదు. తెలిసిందల్లా ఒకటే, రూలు మారడానికి వాళ్లు ఇచ్చే గడువు రెండు మూడు రోజులు, మన ప్లాను పట్టే టైము రెండు వారాలు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఆ రోజుల్లో మాకు ఇంకొకరు తగల్లేదు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇదే జాగ్రత్త వల్ల నష్టపోయినవాళ్లు ఉన్నారు. మా వీధిలో ఒకాయన ఈ షాపులో వద్దన్నారని మానేసి, ఆ తర్వాత కంపెనీ వాళ్లు అకామా రెన్యూ చేయక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయనతో పనిచేసే ఇంకో మనిషి నవంబర్‌లోనే దుబాయ్ మీదుగా వెళ్లి ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. "నాకు వద్దని చెప్పకపోతే నేనూ పోయుండేవాణ్ణి" అంటాడు. కాదని ఎలా అంటాం. కానీ అప్పు తెచ్చుకునేవాడికి చెప్పాల్సిన సలహా, జేబులో డబ్బున్నవాడికి చెప్పాల్సిన సలహా ఒకటి కాదు కదా. ఓనరు గారు అందరికీ ఒకటే చెప్పేశారు. అక్కడ కొంచెం మనిషిని బట్టి చెప్పుంటే బాగుండేది.

తర్వాత 2021 జూన్‌లో కువైట్ వాళ్లు ఆగస్టు 1 నుంచి రెండు డోసులు పూర్తయిన రెసిడెంట్లని రానిస్తామన్నారు. ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడెర్నా, జాన్సన్ ఒప్పుకుంటామన్నారు. బావ ఏప్రిల్‌లోనే, 45 దాటినవాళ్లకి మొదలవగానే, కోవిషీల్డ్ వేయించుకున్నాడు, మన కోవిషీల్డ్ ఆస్ట్రాజెనెకా వ్యాక్సినే కాబట్టి ఆ బాధ లేదు. రెండో డోసుతోనే వచ్చింది చిక్కు. మే నెలలో మనవాళ్లు డోసుల మధ్య ఎడం 12 నుంచి 16 వారాలకి పెంచేశారు. అప్పుడు ఈ షాపు అమ్మాయే ఫోన్ చేసి, విదేశాల్లో ఉద్యోగానికో చదువుకో వెళ్లేవాళ్లు ఆగస్టు 31 లోపు ప్రయాణమైతే 28 రోజుల తర్వాత వేయించుకోవచ్చని జూన్ 7న కేంద్రం చెప్పింది, పాస్‌పోర్ట్, అకామా జిరాక్సులు, కంపెనీ లెటరు పట్టుకుని జిల్లాలో దానికంటూ పెట్టిన కేంద్రానికి వెళ్లండి అని చెప్పింది. మా పీహెచ్‌సీలో అడిగితే అప్పటికి వాళ్లకే తెలీదు. గోదావరి జిల్లాల్లో కర్ఫ్యూ సడలింపు మిగతా జిల్లాల కంటే తక్కువ గంటలు ఉండేది అప్పుడు. కాబట్టి పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరేలా చూసుకోవాలని అది కూడా చెప్పింది. టికెట్ కొనని మనిషికి ఇంత చెప్పడం ఎవరికి అవసరం?

ఇక పేరు గొడవ. తెలుగువాళ్లందరికీ ఉన్నదే. ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, తర్వాత పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, అసలు పేరు వేరే గడిలో. వ్యాక్సిన్ సర్టిఫికెట్ ఆధార్‌తో తీసుకుంటే ఆధార్‌లో ఉన్నట్టే వస్తుంది, కువైట్ వాళ్లకి అది పాస్‌పోర్ట్ పేరుతో కలవాలి. కోవిన్‌లో పాస్‌పోర్ట్ నంబరు కలపడం, పేరు సరిచేసుకోవడం జూన్ చివర్లో పెట్టారు, కానీ పేరు మార్చుకునే అవకాశం ఒక్కసారే. తప్పు కొడితే అంతే సంగతులు. నెట్ సెంటర్లో హడావుడిగా కొట్టించుకుని ఇంటిపేరు రెండుసార్లు పడ్డవాళ్లని నేను చూశాను. ఇక్కడ ఆ అమ్మాయి ముందు తెల్లకాగితం మీద పాస్‌పోర్ట్ కింద ఉండే రెండు వరసల కోడ్ చూసి పేరు రాసి, బావ చేత చదివించి, సంతకం పెట్టించుకుని, అప్పుడు కంప్యూటర్ ముట్టుకుంది. ఆ సంతకం తన మీదకి రాకుండా చూసుకోవడానికేలెండి, అయినా పని మాత్రం శుభ్రంగా అయింది. ఆ సర్టిఫికెట్‌ని కువైట్ హెల్త్ మినిస్ట్రీ సైటులో ఎక్కించడం, వ్యాక్సిన్ వివరాలు చూపించే వాళ్ల ఇమ్యూన్ యాప్‌లో ఆకుపచ్చ రావడం కోసం ఎదురుచూడడం, ప్రయాణికుల కోసం పెట్టిన కువైట్ ముసాఫిర్‌లో రిజిస్టర్ కావడం, క్వారంటైన్‌లో ఉన్నామా లేదా చూసే ష్లోనిక్ యాప్ దింపుకోవడం, అన్నీ వీళ్లే కూర్చోబెట్టి చేయించారు. నేరుగా విమానాలు సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. మొదటి వారం టికెట్ల రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి, అక్కడ మళ్లీ "ఇంకో వారం ఆగండి" అన్నారు, ఈసారి బావ ఆగలేదు, ఫర్వాలేదు తీయండన్నాడు, తీశారు.

రెండోది మా పెదనాన్న గారి మనవడిది, ఎంఎస్సీకి ఇంగ్లండ్. వాడిది వేరే పేచీ. 2021 ఏప్రిల్‌లో బ్రిటన్ మనల్ని రెడ్ లిస్టులో పెట్టింది, వెళ్తే హోటల్లో పది రోజులు, మనిషికి 1,750 పౌండ్లు. ఆగస్టు 8న ఆ లిస్టు నుంచి తీసేశారు, హమ్మయ్య అనుకున్నాం. సెప్టెంబర్‌లో కొత్త రూల్స్ ప్రకటించారు, అక్టోబర్ 4 నుంచి అమలు అన్నారు. చూస్తే కోవిషీల్డ్ వేయించుకున్నా మనవాళ్లు వేయించుకోనివాళ్ల కిందే లెక్క. అక్కడ తయారైతే మంచి వ్యాక్సిన్, పూణేలో తయారైతే కాదు! వ్యాక్సిన్‌తో కాదు, సర్టిఫికెట్‌తోనే ఇబ్బంది అన్నారు తర్వాత. దానికి బదులుగా మన ప్రభుత్వం కూడా అక్టోబర్ 4 నుంచి బ్రిటన్ వాళ్లకి పది రోజుల క్వారంటైన్ పెట్టింది. ఈ పెద్దల పంతాల మధ్య పిల్లాడు టికెట్ పట్టుకుని కూర్చున్నాడు, పదో తేదీకి.

అక్టోబర్ 7న వార్త వచ్చింది, 11 నుంచి కోవిషీల్డ్ రెండు డోసులున్నవాళ్లకి క్వారంటైన్ లేదని. పదో తేదీ టికెట్టే కదా, ఒక్కరోజు తేడా, వెళ్లిపోనీ అంది మా వదిన. షాపులో ఓనరు గారు బోర్డు మీద గడి చూపించి అడిగారు: ఎక్కే టైమా, దిగే టైమా? బ్రిటన్ రూలు దిగే టైముకి, వాళ్ల గడియారం ప్రకారం, 11 తెల్లవారుజామున 4 గంటల నుంచి. వాడి విమానం పదో తేదీ సాయంత్రానికే లండన్‌లో దిగుతుంది. అంటే పది రోజులు గదిలో, రెండో రోజు ఒక టెస్టు, ఎనిమిదో రోజు ఇంకోటి, సొంత డబ్బులతో. టికెట్ మార్చినందుకు అయిన ఖర్చు దానిముందు లెక్కలోది కాదు. కాలేజీ వాళ్లకి మెయిల్ పెడితే ఒప్పుకున్నారు. ఇంకో సంగతి, సర్టిఫికెట్ మీద వయసు కాదు, పూర్తి పుట్టిన తేదీ ఉండాలన్నారు. కోవిన్‌లో అది అప్పుడే పెట్టారు, కొత్తగా డౌన్‌లోడ్ చేసి ప్రింట్ ఇచ్చి, పాతది అక్కడే చింపేశారు. పాతది ఉంచుకుంటే కంగారులో అదే చూపిస్తారట.

మూడోది పిన్నిది, అమెరికాలో కూతురి పురుడికి. తొందరగా చెప్పేస్తా. పిన్నికి వేసింది కోవాగ్జిన్, నవంబర్ 3న డబ్ల్యూహెచ్‌వో దాన్ని జాబితాలో చేర్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. చేర్చిన అయిదు రోజులకే అమెరికా, విదేశీయులు రెండు డోసులు వేయించుకుని ఉంటేనే రండి అని అమలు చేసింది, కోవాగ్జిన్ కూడా ఒప్పుకుంది. ఆ తర్వాత ఒమిక్రాన్ వచ్చింది. మూడు రోజుల ముందు చేయించుకునే టెస్టు డిసెంబర్ 6 నుంచి ఒక్క రోజు ముందుకి కుదించారు. రాజోలు నుంచి హైదరాబాద్‌కి ఒక రాత్రంతా ప్రయాణం. అక్కడికి వెళ్లాక టెస్టు, రిపోర్టు, విమానం. 24 గంటల్లో ఇదంతా ఎలా అని చిన్నాన్న బుర్ర పట్టుకున్నాడు. 24 గంటలు కాదు, క్యాలెండర్‌లో ముందు రోజు అని విడమర్చి చెప్పింది ఈ షాపు అమ్మాయే. రాత్రి విమానమైతే ముందు రోజు పొద్దున ఇచ్చిన శాంపిలైనా చెల్లుతుంది. దుబాయ్ వాళ్లది వేరే లెక్క, అక్కడ శాంపిల్ ఇచ్చిన గంట నుంచి 48 గంటలు, అది కాక ఎయిర్‌పోర్టులో మళ్లీ ర్యాపిడ్ పీసీఆర్. ఒకే టెస్టుకి ఇన్ని గడియారాలు. పిన్నిని రెండు రోజుల ముందే కూకట్‌పల్లిలో బంధువుల ఇంటికి పంపేశాం.

తిరిగొచ్చేటప్పుడు ఎయిర్ సువిధ ఫారం, ఇండియాకి వచ్చేవాళ్లు బయల్దేరేముందు ఆన్‌లైన్‌లో నింపాల్సింది. దీని గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. ఫైలు సైజు ఎక్కువైతే తీసుకోదు, తగ్గిస్తే అక్షరాలు కనపడవు. రూల్స్ ఇక్కడా మారుతూనే ఉన్నాయి: 2022 జనవరి 11 నుంచి వచ్చినవాళ్లంతా ఏడు రోజులు ఇంట్లో ఉండాలన్నారు, ఫిబ్రవరి 14న అది తీసేసి 82 దేశాల జాబితా ఇచ్చి, అక్కడినుంచి వచ్చేవాళ్లు టెస్టు బదులు వ్యాక్సిన్ సర్టిఫికెట్ పెట్టొచ్చన్నారు. పిన్ని కూతురు పసిబిడ్డతో తంటాలు పడుతూ చేయలేకపోతే, వాట్సాప్‌లో పాస్‌పోర్ట్ ఫోటోలు పంపితే, మనకి పగలు వాళ్లకి రాత్రి, ఈ అమ్మాయే నింపి పంపింది. ఆ ఫారం ఆ ఏడాది నవంబర్‌లో తీసేశారు, మళ్లీ 2023లో చైనా, జపాన్ లాంటి కొన్ని దేశాల వాళ్లకి కొన్నాళ్లు పెట్టి తీసేశారు. పీడా పోయింది.

ఇప్పుడు ఒక స్టారు ఎందుకు కోశానో చెప్తా. రీఫండు. బావ 2020 ఏప్రిల్ టికెట్ ఇక్కడే తీసింది, విమానమే రద్దయింది. ముందు "క్రెడిట్ షెల్‌లో ఉందండి" అన్నారు, అంటే డబ్బు ఎయిర్‌లైన్స్ దగ్గరే ఉంటుంది, తర్వాత టికెట్‌కి వాడుకోవాలి, సరే. అక్టోబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల సొమ్ము తిరిగివ్వాలని, ఏజెంట్ ద్వారా కొన్నదైతే ఎయిర్‌లైన్స్ ఇచ్చిన డబ్బు ఏజెంట్ వెంటనే ప్రయాణికుడికి ఇచ్చేయాలని అందులో ఉంది. పేపర్ కటింగ్ పట్టుకెళ్లి చూపించాను. "మాకింకా పడలేదండి" అన్నారు. ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేస్తే ఏజెంట్‌కి ఇచ్చేశాం అన్నారు. ఇలా కొన్ని నెలలు. చివరికి ఇచ్చారు, పూర్తిగానే ఇచ్చారు, విడతలుగా. షాపు నడవని రోజులు, అద్దె, అమ్మాయి జీతం, అదంతా నాకు అర్థమవుతుంది. కానీ ప్రపంచంలో ఉన్న రూలన్నిటికీ తేదీ, గంట వేసి గోడమీద రాసే మనిషి, మా డబ్బు తన ఖాతాలో ఎప్పుడు పడిందో మాత్రం చెప్పలేకపోయారు. ఇది నాకు ఇప్పటికీ నచ్చలేదు, ఆయనకి మొహం మీదే చెప్పాను, నవ్వి ఊరుకున్నారు.

ఇంకో చిరాకు, ఆయన మాట తీరు. విసుక్కుంటారు. "చదువుకున్నారు కదండీ, ఆ మాత్రం చూసుకోలేరా" అంటారు, చదువుకోనివాళ్లతో మాత్రం ఓపిగ్గా మాట్లాడతారు, అదో రకం మనిషి. అర్ధరాత్రి వాయిస్ మెసేజిలు పెడతారు, అందులో సగం టీవీ చప్పుడు.

ఇప్పుడు కరోనా టెస్టులు, ఫారాలు దాదాపు ఏ దేశానికీ అడగట్లేదు, కువైట్ అయితే 2022 మే 1కే అన్నీ ఎత్తేసింది. బోర్డు మాత్రం ఉంది. ఈమధ్య వెళ్తే థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు, పాస్‌పోర్ట్‌కి ఆరు నెలల గడువు, ఆఫ్రికా నుంచి వచ్చేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా కార్డు, ఇలాంటివి రాసున్నాయి. చివరి గడిలో ఆ రోజు తేదీ, పొద్దున తొమ్మిదింపావు.

ఛార్జీలు: టికెట్ మీద వాళ్ల కమీషన్ మామూలే, ఆన్‌లైన్ రేటుకి కొంచెం ఎక్కువే పడుతుంది. ఫారాలు నింపడానికి వందో రెండొందలో తీసుకుంటారు, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల దగ్గర తీసుకోరు, నేనైతే తీసుకోగా చూడలేదు. రసీదు అడిగితేనే ఇస్తారు, కాబట్టి అడగండి, రీఫండు వచ్చే టికెట్ అయితే తప్పకుండా అడగండి, ఎయిర్‌లైన్స్ బుకింగ్‌లో మీ సొంత ఫోన్ నంబరు, మెయిల్ పెట్టించుకోండి, వాళ్లది కాదు. ఆదివారం మధ్యాహ్నం దాకే తీసి ఉంటుంది. వీసా స్టాంపింగ్, గల్ఫ్ మెడికల్ పనులు వీళ్లు చేయరు, వాటికోసం ఆ మెట్లెక్కకండి.